నయాగరా గట్టున పూసల సంచులు

మన గోడపత్రికలో ఇప్పటిదాకా దోమల గురించి, ఓజోన్ పొర గురించి, రక్తహీనత గురించి వ్యాసాలు వచ్చాయి. అన్నీ అవసరమైనవే. ఈసారి నేను ఒక చేతిసంచి గురించి రాస్తున్నాను. నవ్వకండి. అరచేతి కన్నా కొంచెం పెద్దగా ఉండే సంచి. దాని మీద గాజుపూసలతో కుట్టిన పూలు, ఆకులు ఉంటాయి. సుమారు నూట యాభై ఏళ్ళ కిందట అమెరికాలో నయాగరా జలపాతం దగ్గర గిరిజన ఆడవాళ్ళు కుట్టి అమ్మిన సంచి అది.

మన లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకంలో దాని రంగు బొమ్మ ఉంది. మొదటిసారి చూసినప్పుడు మా తండాలో పనే అనుకున్నాను. నల్ల మఖమల్ గుడ్డ, దాని మీద నిండుగా పూసలు, అంచు చుట్టూ పూసల జాలరు. తరువాత పరికించి చూస్తే అద్దాలు లేవు, గవ్వలు లేవు. బొమ్మ కింద రెండు లైన్లు రాసి ఉన్నాయి. ఏ తెగ, ఏ కాలం, ఏ గుడ్డ అన్నీ ఉన్నాయి. చివర "చేసినవారు: తెలియదు" అని ఉంది. అక్కడ ఆగిపోయాను. గుడ్డ పేరు తెలిసింది, పూస ఏ దేశానిదో తెలిసింది, కుట్టిన మనిషి పేరు తెలియకపోవడం ఏమిటి? అప్పటి నుంచి సోషల్ మేడంని, క్రాఫ్ట్ టీచర్‌ని అడుగుతూ, దొరికినంత చదువుతూ తెలుసుకున్న సంగతులే ఇవి.

ఆ జనం ఎవరు?

వాళ్ళను బయటివాళ్ళు ఇరోక్వాయ్ అని పిలిచారు. వాళ్ళు తమను తాము హోదెనోషోనీ అనుకుంటారు. "పొడవాటి ఇంట్లో ఉండేవాళ్ళు" అని దాని అర్థం. ఒకే కప్పు కింద అనేక కుటుంబాలు ఉండే పొడవైన ఇళ్ళు వాళ్ళవి. మనకూ ఇది కొత్త కాదు కదా. ఊళ్ళోవాళ్ళు పిలిచే పేరు ఒకటి, మనల్ని మనం పిలుచుకునే పేరు ఇంకొకటి.

మోహాక్, ఒనైడా, ఒనోండగా, కయూగా, సెనెకా అనే 5 జాతులు కలిసి ఒక కూటమిగా ఉండేవి. టస్కరోరా అనే జాతి దక్షిణాన కరోలినా ప్రాంతంలో తెల్లవాళ్ళతో యుద్ధంలో ఓడిపోయి ఉత్తరానికి వచ్చింది. 1722 ప్రాంతంలో వాళ్ళు ఆరో జాతిగా చేరారు. మన కథలో ముఖ్యమైనవాళ్ళు ఈ టస్కరోరాలే. ఎందుకంటే వాళ్ళకు దొరికిన చోటు నయాగరా జలపాతానికి దగ్గర.

గాజుపూస రాకముందే వాళ్ళకు ఈ పని వచ్చు. ముళ్ళపంది ముళ్ళను నానబెట్టి, రంగు వేసి, చదును చేసి తోలు మీద కుట్టేవారు. సముద్రపు ఆలుచిప్ప నుంచి ఊదారంగు పూస, శంఖం జాతి నత్త నుంచి తెల్ల పూస అరగదీసి తీసేవారు. ఆ పూసలను పట్టీలుగా అల్లితే వాంపం అంటారు. రెండు జాతుల మధ్య ఒప్పందం జరిగితే కాగితం మీద రాయరు, ఒక వాంపం పట్టీ అల్లి దాచుకుంటారు. పెద్దలు ఆ పట్టీ పట్టుకుని ఒప్పందం మాటలు గుర్తు తెచ్చుకుని చెప్తారు. తెల్ల వ్యాపారులు దీన్ని డబ్బుగా వాడారు గానీ వాళ్ళకు అది డబ్బు కాదు, మాట. కాబట్టి "పూసలు అంటే ఆడవాళ్ళ సింగారం" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పూస ఎక్కడిది?

సంచిలో గాజుపూసలు మాత్రం అమెరికావి కావు. ఇటలీలో వెనిస్ పక్కన మురానో దీవి నుంచి, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న బొహీమియా ప్రాంతం నుంచి ఓడల్లో వచ్చినవి. చిన్న పూసలు చేసే విధం వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. కరిగిన గాజు ముద్ద మధ్యలో గాలి బొక్క పెడతారు. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని ఎదురెదురు దిక్కులకు పరుగెడతారు. ముద్ద సాగి సాగి సన్నటి గొట్టం అవుతుంది. లోపలి బొక్క కూడా దానితో పాటే సాగి, చివరిదాకా మిగులుతుంది. అదే దారం దూరే బెజ్జం. ఆ గొట్టాన్ని ఆవగింజంత ముక్కలుగా కోస్తారు. కోసిన అంచు పదునుగా ఉంటుంది కనుక బూడిద, బొగ్గుపొడి లాంటివి బెజ్జాల్లో నింపి మళ్ళీ వేడి మీద తిప్పుతారు. అంచులు గుండ్రమవుతాయి.

ఈ గొట్టం సాగదీసే విద్య మన దగ్గరా ఉండేది. శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో (అప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా) కొలిమి పెట్టి గాజును గొట్టంగా లాగి పూసలు చేసేవారు. పూసల మీద పరిశోధన చేసే విదేశీయులు కూడా వచ్చి చూసి రాసుకున్నారు.

పూసల సైజుకు నంబర్లు ఉంటాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నంబరు పెరిగే కొద్దీ పూస చిన్నదవుతుంది. ఫ్యాన్సీ షాపులో మామూలుగా దొరికేది 11 నంబరు లోపు. పాతకాలం సంచుల్లో 18, 20 నంబరు పూసలు కూడా ఉన్నాయి. వాటిలోకి మనం బటన్లు కుట్టే సూది దూరదు.

సంచి ఎందుకు కుట్టారు?

తిండి కోసం. ఈ మాట ముందే చెప్పాలి. పుస్తకాల్లో "అందమైన కళ" అని మొదలుపెట్టి దీన్ని చివరలో చెప్తారు.

1775లో మొదలైన అమెరికా స్వాతంత్ర్య యుద్ధం తరువాత ఆ జాతుల భూమి చాలావరకు చేజారింది. ఒప్పందాల పేరుతో కొంత, కొనుగోళ్ళ పేరుతో కొంత. వేటకు అడవి లేదు. మిగిలింది రిజర్వేషన్ అని పిలిచే కొద్ది నేల. అదే సమయంలో 1825లో ఈరీ కాలువ తెరిచారు, తరువాత రైలు వచ్చింది. న్యూయార్క్ నుంచి డబ్బున్నవాళ్ళు, కొత్తగా పెళ్ళైన జంటలు నయాగరా చూడటానికి గుంపులుగా రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో ఇంటికి పోరు కదా. భద్రాచలం వచ్చినవాళ్ళు ఏదో ఒక బొమ్మ కొనుక్కుని పోయినట్టే.

ఇంకో కారణం యూరప్ ఫ్యాషన్. 1790 తరువాత అక్కడి ఆడవాళ్ళ గౌన్లు సన్నగా, ఒంటికి అంటుకునేలా మారాయి. అంతకుముందు గౌను లోపల కట్టుకునే జేబులు ఇక కుదరలేదు. రుమాలు, చిల్లర, అత్తరు సీసా పెట్టుకోవడానికి చేతికి తగిలించుకునే చిన్న సంచి అవసరమైంది. అక్కడి ఆడవాళ్ళు కూడా పూసల సంచులు సొంతంగా అల్లుకునేవారు. ఆ పని వేరే రకం. అల్లడానికి ముందే వేల పూసలను బొమ్మ ప్రకారం వరసగా ఒకే దారానికి ఎక్కించుకోవాలి. ముందు ఎక్కించిన పూస చివర వస్తుంది కాబట్టి బొమ్మను తలకిందులుగా, చివరి వరస నుంచి చదవాలి. మధ్యలో ఒక్క రంగు తప్పితే ఆ పూసను దారం మీదే జాగ్రత్తగా చిట్లగొట్టడం తప్ప దారి లేదు.

హోదెనోషోనీ ఆడవాళ్ళకు ఈ రెండు సంగతులూ అర్థమయ్యాయి. కొనేవాళ్ళు జలపాతం దగ్గరకే వస్తున్నారు, వాళ్ళకు సంచి కావాలి. తమ చేతికి తెలిసిన పూసల పనిని ఆ సంచి ఆకారంలోకి మార్చారు. 1812 యుద్ధంలో టస్కరోరాలు అమెరికా వైపు నిలబడ్డారు. 1813 డిసెంబరులో బ్రిటిష్ సేన లూయిస్టన్ ఊరి మీద పడినప్పుడు పారిపోతున్న ఊరివాళ్ళను కాపాడారు. అందుకు కృతజ్ఞతగా జలపాతం దగ్గర గోట్ ఐలాండ్ యజమానులైన పోర్టర్ కుటుంబం, అక్కడ పూసల పని అమ్ముకునే హక్కు టస్కరోరా ఆడవాళ్ళకు ఇచ్చిందని చెప్తారు. చలికాలమంతా ఇంట్లో కుట్టడం, ఎండాకాలం గట్టున గుడ్డ పరిచి అమ్మడం. మాంట్రియల్ దగ్గర కానవాకే ఊరి మోహాక్‌లు కూడా ఇదే పనిలో దిగి, సంతలకు, ప్రదర్శనలకు తిరిగి అమ్మారు.

వాళ్ళ నేల సంగతి అక్కడితో ఆగలేదని కూడా చెప్పాలి. జలవిద్యుత్ ప్రాజెక్టు రిజర్వాయర్ కోసం టస్కరోరా భూమి తీసుకోవచ్చని 1960లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గోదావరి ఒడ్డున ఊళ్ళున్న మన క్లాసు పిల్లలకు నేను ఇంకేమీ వివరించక్కర్లేదు.

పని చేసే విధం

మొదటి కాలం సంచుల్లో గీతలు, ముక్కోణాలు, మెలికలు ఎక్కువ. 1830 తరువాత పూల సంచులు పెరిగాయి. పూలు గుడ్డకు అంటుకుని సమంగా ఉంటాయి. లేత నీలం, ముదురు నీలం, తెలుపు ఇలా ఒకే పువ్వులో రంగులు మెల్లగా మారుతాయి. 1850 దాటాక ఉబ్బెత్తు పని పెరిగింది. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. పూసలు గుడ్డ మీద నుంచి పైకి లేచి, గుత్తిలా ఉంటాయి. లోపల దూది పెట్టారేమో అనుకున్నాను. ఏమీ లేదు. కిటుకు లెక్కలో ఉంది.

ముందు కాగితం మీద ఆకు బొమ్మ కత్తిరించి గుడ్డ మీద టాకా వేస్తారు. ఆకుకు ఒక అంచు నుంచి రెండో అంచుకు 6 పూసలు సరిపోతాయనుకోండి. వాళ్ళు 8 ఎక్కిస్తారు. 6 పూసల చోటులో 8 పూసలు కూర్చోవాలంటే మధ్యలో విల్లులా పైకి లేవాలి. దాని పక్కన ఇంకో వరస, ఇంకో వరస. ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడతాయి. పూసలు ఎక్కువైతే వరస పక్కకు వాలిపోతుంది, తక్కువైతే లేవదు. ఎన్ని ఎక్కించాలో చేతికే తెలుస్తుంది. నేను పాత ఓణీ ముక్క మీద ప్రయత్నించాను. చిన్న ఆకు ఒకటి పూర్తవడానికి ఒక ఆదివారం సాయంత్రం పట్టింది. అలాంటివి ఒక సంచి మీద ఇరవై ఉంటాయి, రెండు వైపులా.

కాగితం తీసెయ్యరు, పూసల కిందే ఉండిపోతుంది. ఏ కాగితం దొరికితే అది వాడేవారు. అందుకే పూసలు ఊడిన చోట ఒక్కోసారి పాత వార్తాపత్రిక అక్షరాలు బయటపడతాయి. కొన్ని వస్తువుల మీద పూసలతోనే సంవత్సరం, "నయాగరా ఫాల్స్" అనే మాట కుట్టి ఉంటాయి. ఊరి పేరు కుట్టారు, తారీఖు కుట్టారు. కొనేవాళ్ళకు కావలసింది అదే మరి. కుట్టినామె పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

పేరు మిగిలినామె

పేరు మిగిలిన ఒకామె ఉంది. కరోలిన్ పార్కర్. సెనెకా జాతి, టొనవాండా ఊరు. ఇంగ్లీషు చదువు చదువుకుంది. 1849 ప్రాంతంలో లూయీస్ హెన్రీ మోర్గన్ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం కోసం వాళ్ళ వస్తువులు సేకరించాడు. అప్పుడు కరోలిన్, ఆమె కుటుంబం ఆయనకు సాయం చేశారు. ఆమె కుట్టిన పూసల లంగా, ఆ బట్టల్లో ఆమె బొమ్మ మోర్గన్ వల్ల లోకానికి తెలిశాయి. 1851లో ఆయన వాళ్ళ జాతుల మీద పుస్తకం వేశాడు. తరువాత ఆమె టస్కరోరా పెద్ద జాన్ మౌంట్ ప్లెజెంట్‌ను పెళ్ళి చేసుకుంది. 1911లో ఆల్బనీ నగరంలో ప్రభుత్వ భవనం అంటుకున్నప్పుడు మోర్గన్ సేకరించిన వాటిలో చాలా కాలిపోయాయి.

ఆమె ఒక్కతే బాగా కుట్టిందని కాదు. చదువు ఉంది, అడిగి రాసుకున్న మనిషి ఉన్నాడు. మిగతావాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే తేడా.

మన వార్డెన్ సార్ కోసం ఇంకో సంగతి. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట గిరిజన పిల్లలకు ఒక రెసిడెన్షియల్ స్కూల్ పెట్టారు. 1918 వరకు నడిచింది. చేరిన రోజే జుట్టు కత్తిరించేవారు, సొంత భాష మాట్లాడితే శిక్ష. ఏళ్ళ తరబడి ఇంటికి పంపేవారు కాదు. అమ్మ పక్కన కూర్చుని సూది పట్టుకోవాల్సిన వయసు అక్కడ గడిచిపోయింది. అదే స్కూల్లో 1906లో ఏంజెల్ డి కోరా అనే గిరిజన చిత్రకారిణి టీచరుగా వచ్చి, పిల్లల చేత వాళ్ళ వాళ్ళ జాతి నమూనాలే గీయించింది. మన హాస్టల్ అలాంటిది కాదు, ఇక్కడ మనం డార్మిటరీలో మన మాటే మాట్లాడుకుంటాం. అయినా శనివారం క్రాఫ్ట్ పీరియడ్‌ని లెక్కల పీరియడ్ చెయ్యొద్దని మనవి.

సేకరించేవాళ్ళు

అప్పుడు చిల్లర డబ్బులకు అమ్మిన సంచులు ఇప్పుడు వేలంపాటల్లో వందల డాలర్లకు పోతున్నాయి. కొని దాచుకునేవాళ్ళు చూసేవి ఇవి: పిడి మొదటిదేనా, లోపలి అస్తరు చిరిగిందా, అంచు పూసలు ఎన్ని పోయాయి, మఖమల్ మీద నూగు ఉందా. పాత పూసలు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండవు, కొంచెం హెచ్చుతగ్గులు ఉంటాయి. ప్లాస్టిక్ పూసను చెంపకు ఆనించండి, వెచ్చగా ఉంటుంది. గాజు చల్లగా తగులుతుంది.

గిరిజనులు కానివాళ్ళు చేసిన సరుకును గిరిజనుల పని అని చెప్పి అమ్మితే నేరం అని అమెరికాలో 1990లో చట్టం చేశారు. మంచిదే. కానీ పాత సంచి చేతులు మారినప్పుడు వచ్చే డబ్బు అమ్మినవాడికి పోతుంది, కుట్టినామె మనవరాళ్ళకు కాదు. సేకరించేవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు దాచకపోతే చాలా సంచులు చెత్తలోకి పోయేవి. కాకపోతే కొనేటప్పుడే "ఎవరు కుట్టారు?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే బాగుండేది.

పాడయ్యేది ఎలా, బాగుచేసేది ఎలా

ఇక్కడి నుంచి మీకు పనికొచ్చే భాగం. కాస్త ఓపికగా చదవండి.

పూస అంత త్వరగా చెడదు. ముందు చచ్చేది దారం. ఎండకు, చెమటకు, తేమకు నూలు దారం పుచ్చిపోతుంది. పూస బెజ్జం అంచు కూడా లోపల లోపల దారాన్ని కోస్తుంది. ఒక చోట తెగితే ఆ వరస మొత్తం జారుతుంది. కాబట్టి పాత సంచిని దులపకూడదు, తగిలించకూడదు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు.

కొన్ని పూసలకు రోగం కూడా వస్తుంది. గాజు చేసేటప్పుడు క్షారం ఎక్కువ వేసి ఉంటే, గాలిలో తేమకు అది బయటకు ఊరుతుంది. పూస మసకబారుతుంది, జిగటగా తయారవుతుంది, తెల్లటి పొర కడుతుంది, పగుళ్ళు వస్తాయి. ఆ ఊరిన క్షారం పక్కనున్న దారాన్ని, గుడ్డను తినేస్తుంది. అలాంటి వస్తువును మిగతావాటి నుంచి వేరుగా, పొడిగా ఉండే చోట పెట్టాలి.

ఉతకొద్దు. ఎంత మురికిగా ఉన్నా సరే. నీళ్ళు తగిలితే మఖమల్ రంగు దిగుతుంది, లోపలి కాగితం ఉబ్బుతుంది, పుచ్చిన దారం తెగుతుంది. మెత్తటి కుంచెతో పైపైన దుమ్ము తీస్తే చాలు. పాత మ్యూజియాల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ లాంటి విషాలు చల్లేవారు. అలాంటి చోటు నుంచి వచ్చిన వస్తువు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి.

దసరా సెలవుల్లో మా నానమ్మ ఆకువక్క సంచిని క్రాఫ్ట్ టీచర్ చెప్పినట్టు బాగుచేశాను. ఆ సంచి మూతికి గవ్వలు, నాలుగు కుచ్చులు, కుచ్చుల పైన పూసల వరసలు ఉన్నాయి. మా ఇంట్లో పేటియా, కాంచళి కొత్తవి కుట్టించుకున్నా ఆ సంచి మాత్రం నానమ్మ వాళ్ళమ్మ చేతిది. రెండు కుచ్చుల మీద పూసలు వదులయ్యాయి. నానమ్మ ఊడిన పూసలను అగ్గిపెట్టెలో దాచింది. అదే సగం పని.

మొదట సంచిని తెల్లటి పాత నూలు గుడ్డ మీద పరిచాను. గుడ్డ ఉంటే పూస జారినా దొర్లిపోదు. వేలాడుతున్న దారాన్ని లాగలేదు. లాగితే ఇంకో పది పూసలు వస్తాయి. ఆ కొసను సూదితో గుడ్డ వెనక్కి తీసి, అక్కడ చిన్న ముడి వేశాను. తరువాత కొత్త దారానికి తేనెమైనం రాసి, ఇంకా నిలిచి ఉన్న పూసల వరస మీదుగా రెండు మూడు పూసలకు ఒక చిన్న కుట్టు అడ్డంగా వేసి పట్టి ఉంచాను. అప్పుడే ఊడిన చోట పూసలు ఎక్కించాను. తేనెమైనం వల్ల దారం చిక్కు పడదు, బెజ్జం అంచుకు తొందరగా కోసుకోదు. మన ఊళ్ళల్లో తేనె తీసే ఇళ్ళు లేని చోటు లేదు, కాబట్టి మైనం కొననక్కర్లేదు.

దారం ఎంత గట్టిదైతే అంత మంచిదని మా నాన్న చేపల వల నైలాన్ దారం తెచ్చి ఇచ్చారు. టీచర్ వద్దన్నారు. ఎందుకో వింటే మీకూ నచ్చుతుంది. పాత గుడ్డ మీద ఎప్పుడైనా బరువు పడితే ఏదో ఒకటి తెగక తప్పదు. కొత్త దారం గట్టిదైతే పాత గుడ్డ తెగుతుంది. కొత్త దారం మెత్తదైతే అదే తెగుతుంది, గుడ్డ బతుకుతుంది. దారం మళ్ళీ వేసుకోవచ్చు, గుడ్డ ఎక్కడ తెస్తాం? అందుకే సన్నటి నూలు దారం. ఫెవికాల్, క్విక్‌ఫిక్స్ లాంటివి దగ్గరకు రానివ్వొద్దు. అవి గట్టిపడి పసుపురంగుకు మారతాయి, మళ్ళీ తియ్యలేం.

మూడు పూసలు తక్కువ పడ్డాయి. బజారులో దొరికిన ఆకుపచ్చ కొంచెం లేతగా ఉంది. అదే వేశాను. దూరం నుంచి కనిపించదు, దగ్గరగా చూస్తే ఏది కొత్తదో తెలుస్తుంది. అలా తెలియడమే మంచిది. పూర్తిగా పాతలా కనిపించేలా మోసం చెయ్యక్కర్లేదు.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, లోపల తేమ నిలుస్తుంది. ఉతికి ఆరేసిన రంగులేని నూలు గుడ్డలో చుట్టి, మడత పెట్టకుండా, బోర్లా కాకుండా పరిచి ఉంచాలి. మడత పడే చోట లోపల గుడ్డ చుట్ట ఒకటి పెట్టండి. నాఫ్తలీన్ ఉండ పెడితే పూసలకు తగలకుండా మూలన పెట్టండి.

ఇప్పుడు ఎందుకు రాశాను

మా తండాకు స్టీలు సామాన్ల వ్యాపారి ఏటా వస్తాడు. పాత చీరలకు గిన్నెలు ఇస్తాడు. రెండేళ్ళుగా అద్దాల టుక్రి, పూసల సంచి ఉంటే తెమ్మని అడుగుతున్నాడు. ఒక సంచికి ఒక టిఫిన్ బాక్సు. మా పక్కింటి పెద్దమ్మ రెండు ఇచ్చేసింది. ఆమెను తప్పు పట్టలేను. ఆ సంచి పుచ్చి పోతోంది, టిఫిన్ బాక్సు రోజూ పనికొస్తుంది. నయాగరా గట్టున కూర్చున్నామె కూడా చలికాలపు తిండి కోసమే అమ్మింది. అమ్మాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్ళ ఇష్టం. కానీ వ్యాపారి దాన్ని ఎక్కడికి తీసుకుపోతున్నాడో, ఎంతకు అమ్ముతున్నాడో అడగకుండా ఇవ్వొద్దు. ఇచ్చేముందు ఒక కాగితం మీద ఎవరు కుట్టారు, ఏ ఊరు, సుమారు ఏ ఏడు అని రాసి లోపల పెట్టండి. చదువు వచ్చింది మనకే కదా, ఇంట్లో రాయగలిగింది మనమే.

నేను నానమ్మను అడిగి రాశాను. ముత్తవ్వ పేరు నాకు అప్పటిదాకా తెలియదు. నానమ్మ రెండుసార్లు చెప్పి, మూడోసారి స్పెల్లింగు సరిగా రాశానో లేదో చదివి వినిపించమంది. ఆమెకు చదువు రాదు. ఆ కాగితం ఇప్పుడు సంచి లోపలే, అస్తరుకు తగలకుండా గుడ్డలో చుట్టి ఉంది.

సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్తున్నాం. కోయ, కొండరెడ్డి, లంబాడా ఎవరి ఇంట్లోనైనా పాత పూసల వస్తువు ఉంటే, దండ గానీ సంచి గానీ గంప అంచు గానీ, పెద్దవాళ్ళను అడిగి తీసుకురండి. ఇవ్వకపోతే అడిగి పేరు రాసుకుని రండి. ఊడిన పూసలు ఉంటే అవి కూడా, ఎంత చిన్నవైనా. పండగ తరువాత ఆదివారాల్లో గదులు ఊడ్చాక, క్రాఫ్ట్ టీచర్‌తో కలిసి వరండాలో బాగుచేద్దాం. పూసల సూదులు 12 నంబరువి నా దగ్గర రెండే ఉన్నాయి, ఒకటి వంగింది. టౌన్‌కు వెళ్ళినప్పుడు మగ్గం వర్క్ సామాన్ల షాపులో ఒక ప్యాకెట్ తెప్పించమని వార్డెన్ సార్‌ను కోరుతున్నాను. సూదులు లెక్కపెట్టి తీసుకుని, లెక్కపెట్టి ఆఫీసులో అప్పగిస్తాం.